ఓక్ చెట్టుకు నాన్న పేరు

మా తమ్ముడు ఉమామహేశ్ ఫ్లెక్సీ వేయించాడు. బెజవాడ భవానీపురంలో వాళ్ళ వీధి మలుపులో, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకీ మధ్య కట్టించాడు. ఒక పక్క మా నాన్న ఫోటో. ఇంకో పక్క ఏ దేశపు పార్కులోదో ఒక ఓక్ చెట్టు, ఇంటర్నెట్‌లో దొరికింది దొరికినట్టు దించేశాడు. ఆ చెట్టుకీ నా చెట్టుకీ ఏ చుట్టరికమూ లేదు. అడుగున నా బొమ్మ కూడా ఉంది, కాలేజీ ఐడీ కార్డు మీది. అందులో నేను ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటాను. "చేనేత కళాకారుడు కీ.శే. వెంకటప్పయ్య గారి పేరిట కొత్త ఓక్ వృక్షం" అని పసుపురంగు అక్షరాలు.

చూసి నాకు ఒళ్ళు మండింది. పేరు ఇంకా అచ్చు కాలేదు. మొక్కకి కొత్త పేరు పెట్టడమంటే, దాని వర్ణనతో, ఎండబెట్టి దాచిన నమూనా వివరంతో ఒక శాస్త్ర పత్రికలో అచ్చవ్వాలి. అప్పటిదాకా అది ఉత్త నోటిమాట. భవానీపురం మలుపులో అచ్చేయిస్తే చెల్లదు. ఫోన్ చేసి ఈ మాటే అరిచాను. వాడు వస్త్రలత కాంప్లెక్సులో హోల్‌సేల్ బట్టల కొట్టు నడుపుతాడు. ఎదుటివాళ్ళు ఎంత గట్టిగా అరిస్తే అంత మెల్లిగా మాట్లాడడం వాడికి వ్యాపారం నేర్పిన విద్య. ఎలాగూ వచ్చేదే కదా అక్కా, నాలుగు రోజులు ముందు పెడితే ఏం కొంప మునిగింది అన్నాడు. తీసెయ్యమన్నాను. తియ్యనన్నాడు.

సాయంత్రానికి ఫ్లెక్సీ అక్కడ లేదు. తీయించింది నేను కాదు, మా అమ్మ. గుడి నుంచి ఆటోలో వస్తూ చూసిందట. ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, అది దింపేదాకా అన్నం ముట్టనని గడప మీద కూర్చుందట. ఉమామహేశ్ పరువు తక్కువగా ఫీలయ్యాడు. నేను మాత్రం అమ్మ నా పక్షాన ఉందని సంతోషించాను. ఆ సంతోషం మర్నాటి దాకానే నిలిచింది.

నేను మల్లీశ్వరిని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. మొక్కల్ని గుర్తుపట్టి, వర్గాలుగా పేర్చి, పేర్లు తేల్చడం నా పని. ఈ రోజుల్లో ఆ కోర్సులో చేరేవాళ్ళు తక్కువ, చేరినవాళ్ళలో ఇష్టపడి చేరినవాళ్ళు ఇంకా తక్కువ. ఆకు చూపిస్తే చాలు, "మేడం ఇది ఫలానా" అని ఊహించి చెప్పేస్తారు. పువ్వు చూశావా, కాయ చూశావా, ఆకు అడుగుభాగం తిప్పి చూశావా అని అడిగితే నోరు తెరుస్తారు. ఊహించి పేరు పెట్టేవాళ్ళంటే నాకు మంట. నా తరగతిలో అందరికీ ఈ సంగతి తెలుసు.

ఓక్ మన చెట్టు కాదు. కృష్ణా డెల్టాలో అది ఎక్కడా లేదు, తెచ్చి నాటినా మన రోహిణి ఎండకి నిలవదు. అరకు పక్క కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఉందే, దానికి పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా ఓక్‌తనం లేదు. అసలు ఓక్ చూడాలంటే హిమాలయాల వైపు పోవాలి. సెలవులు దొరికినప్పుడల్లా నేను పోతాను. షిల్లాంగ్‌లో పనిచేసే బాలశౌరి అని ఒక స్నేహితుడున్నాడు, తెనాలివాడు, నాలాగే చెట్ల పిచ్చి. ఇద్దరం కలిసి అరుణాచల్ కొండల్లో తిరుగుతుంటే, ఒక వాగు పైన వాలులో కొన్ని చెట్లు కనిపించాయి. జాతి పాతదే, క్వెర్కస్ గ్రిఫితియై. గ్రిఫిత్ అనే పాతకాలపు దొర పేరు మీద పెట్టిన పేరు అది. కానీ ఈ చెట్ల ఆకుల అడుగున నూగు వేరుగా ఉంది. ఎర్ర మట్టి రంగులో, ఆకు ముదిరినా రాలకుండా. మామూలుగా ఓక్ కాయ అడుగున మాత్రం చిన్న చిప్ప ఉంటుంది. ఈ చెట్ల కాయల్ని చిప్ప దాదాపు పైదాకా కప్పేసింది. పసిపిల్లకి కుళ్ళాయి తొడిగినట్టుంది. మళ్ళీ మళ్ళీ వెళ్ళి, పూత చూసి, కాయ చూసి, పాత నమూనాలన్నీ తిరగేసి, ఇది అదే జాతిలో ఇంతవరకూ ఎవరూ చెప్పని రకం అని ఇద్దరం తేల్చాం.

రకానికి ఒక పేరు కావాలి. బాలశౌరి పెద్దమనసు చేసుకుని, మీరే పెట్టండి మేడం అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, మా నాన్న పేరు అన్నాను.

ఎందుకంటే నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన మొదటి ఓక్ వస్తువు మా నాన్న చేతిలో ఉండేది. మాచికాయ. బాలింతలకీ పసిపిల్లలకీ సానరాయి మీద అరగదీసి నాకిస్తారే, అదే. అది కాయ కాదు. దూరదేశాల్లో ఒక జాతి ఓక్ కొమ్మలో చిన్న ఈగలాంటి పురుగు గుడ్డు పెడితే, చెట్టు ఆ గుడ్డు చుట్టూ గడ్డ కట్టుకుంటుంది. ఆ గడ్డే మన పచారీ కొట్లో మాచికాయ. మా నాన్న నేతగాడు. పెడన నుంచి నన్ను చంకనేసుకుని అమ్మతో వచ్చి, వన్‌టౌన్‌లో అద్దె ఇంట్లో గుంటమగ్గం వేసుకున్నాడు. నలుపు రంగు కావాల్సొచ్చినప్పుడు మాచికాయలు దంచి, కాచి, ఆ నీళ్ళలో నూలు నానబెట్టేవాడు. తర్వాత అన్నభేది, అదే ఇనుప ఉప్పు, కలిపిన నీళ్ళలో ముంచేవాడు. ముంచీ ముంచగానే నూలు నల్లబడేది. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే, చెట్టులో ఏముందో ఎవడికి తెలుసే మల్లీ, నువ్వు చదువుకుని చెప్పు అనేవాడు. చదువుకున్నాను. చెప్పేలోపు ఆయన పోయాడు. అందుకని ఓక్ చెట్టుకి ఆయన పేరు పెట్టకపోతే ఇంక దేనికి పెట్టను?

పత్రికవాళ్ళు వ్యాసం ఒప్పుకున్నారు. ప్రూఫులు వచ్చాయి. చివరి దిద్దుబాట్లు చేసి ఆ వారంలోగా పంపాలి. అప్పుడు తొందరపడి మా తమ్ముడికి చెప్పాను. వాడు ఫ్లెక్సీ వేయించాడు.

మర్నాడు భవానీపురం వెళ్ళాను. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. మంచి పని చేశావమ్మా, వీడికి బుద్ధి లేదు అన్నాను. అమ్మ తలెత్తలేదు. ఆ పేరు పెట్టొద్దు అంది. ఫ్లెక్సీ మీద వద్దంటున్నావా అన్నాను. చెట్టుకే వద్దు అంది.

నాకు మొదట అర్థం కాలేదు. చచ్చిపోయినవాళ్ళ పేరు చెట్టుకి పెడితే అశుభం అనుకుంటోందేమో అనుకుని, అలాంటిదేం లేదని, ప్రపంచంలో సగం మొక్కలకి పోయినవాళ్ళ పేర్లే ఉన్నాయని చెప్పాను. వినలేదు. ఎవరైనా ఆ చెట్టు కొట్టేస్తే పాపం చుట్టుకుంటుందనా అని అడిగాను. కాదంది. మరి నాన్న అంటే నీకు లెక్కలేదా అన్నాను. అది అనకూడని మాట, కానీ నా నోరు అలాంటిది. అప్పుడు అమ్మ గోంగూర కట్ట కింద పెట్టింది.

"ఆ పేరు మీ నాన్నది కాదే" అంది.

 మా పదో తరగతి సర్టిఫికెట్ల మీద, నాన్న ఓటరు కార్డు మీద, ఈ ఇంటి కాగితాల మీద, ఆయన పోయాక మేం తెచ్చుకున్న డెత్ సర్టిఫికెట్ మీద, అన్నిటి మీదా వెంకటప్పయ్యే. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని మాత్రం నేనెప్పుడూ వినలేదు. వీధిలో మేస్త్రిగారు. చుట్టాలకి బావ, మావయ్య. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయి మేనమామ ఇంట్లో పెరిగాడు, వాళ్ళకి చిన్నోడు. అమ్మకి "ఏవండీ", మాకు నాన్న. ఇంట్లో ఉన్న మనిషికి పేరుతో పనేముంది?

అమ్మ చెప్పింది ఇదీ. నేను చంటిపిల్లని. బెజవాడ వచ్చిన కొత్తలో రేషన్ కార్డులు రాస్తున్నారంటే, నాన్న మగ్గం మీంచి లేవలేక ఆమెని పంపించాడు. పెద్ద వరస, ఎండ, చంకలో ఏడుస్తున్న నేను. రాసేవాడు మొగుడి పేరు అడిగాడు. ఆ రోజుల్లో పెళ్ళాం మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. మీకు విచిత్రంగా ఉంటే ఇంటికెళ్ళి మీ నాయనమ్మ సంగతి అడగండి. పలకకూడదు కాబట్టి గుర్తు చెప్పేవాళ్ళు, ఎదుటివాళ్ళు అందుకునేవాళ్ళు. అమ్మ "కొండ మీద దేవుడి పేరు" అని చెప్పింది. వాడికి కొండ అనగానే తిరుపతే తోచింది. వెంకటేశ్వర్లా అన్నాడు, అమ్మ తల అడ్డంగా ఊపింది. వెంకటరమణా అన్నాడు, మళ్ళీ అడ్డంగానే ఊపింది. వెనకాల వరసలో అరుపులు. వెంకటప్పయ్యా అని వాడు విసుక్కుంటూ కలం ఎత్తాడు. నేను ఇంకా గట్టిగా ఏడిచానట. అమ్మ భయపడి నిలువుగా ఊపేసింది.

"తర్వాత మార్పించుకోవచ్చనుకున్నా. ఆయనకి చెబితే నవ్వారు. పోన్లే, అదీ దేవుడి పేరేగా, దాని కోసం ఒక పూట మగ్గం ఆపుకోనా అన్నారు."

ఆ కార్డు చూసి చేనేత సొసైటీలో చేర్చుకున్నారు, ఆ సొసైటీ కాగితం చూసి ఓటు రాశారు, ఓటు చూసి మమ్మల్ని బళ్ళో వేశారు. ఒకసారి సొసైటీవాళ్ళు మంచి నేతగాడని నాన్నకి శాలువా కప్పి, అద్దం కట్టిన సర్టిఫికెట్ ఇచ్చారు. అది ఇప్పటికీ తమ్ముడి హాల్లో ఉంది. ఇంటికి తెచ్చి గోడకి మేకు కొడుతూ, "ఈ వెంకటప్పయ్య ఎవడో గానీ నాకంటే బాగా నేస్తాడే" అన్నాడట. ఆయన సరదాకే అన్నాడు. అమ్మకి మాత్రం అప్పటి నుంచీ గుండెలో ముల్లు. పేరు తీసి ఇంకొకడికి ఇచ్చేసింది తనేనని.

"అది పోనీ మల్లీ. ఏటా తద్దినానికి పంతులుగారు పేరు అడుగుతారు. తమ్ముడు ఆ పేరే చెబుతాడు. వాడికి తెలిసింది అదేగా. పిండం ఆ పేరు మీద పెడతారు. నేను తలుపు చాటున నిలబడి వింటాను. ఎవరికి వెళ్తోందే అది? ఆయనకి అందుతోందంటావా?" అంది.

నేను సైన్సు చదువుకున్నదాన్ని. పిండం ఎవరికీ అందదని నా అభిప్రాయం. అయినా నాకు ఏడుపొచ్చింది.

ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. అసలు పేరేంటో చెప్పు అన్నాను. అమ్మ మళ్ళీ గోంగూర కట్ట తీసుకుంది. కొండ మీద దేవుడంటే ఏ కొండ, ఏ దేవుడు? మన దేవుళ్ళలో నేల మీద నిలబడ్డవాడు ఎవడున్నాడు గనక? సింహాచలం అప్పన్నా? కోటప్పకొండ కోటయ్యా? అన్నవరం సత్యనారాయణా? అని వరసపెట్టి అడగడం మొదలుపెట్టాను. అమ్మ గబుక్కున లేచి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి గోంగూర పులుపు వాసన.

"వద్దు. అప్పుడూ ఇలాగే అయింది. నువ్వు ఊహించడం, నేను తలూపడం, మళ్ళీ వద్దు" అంది.

నిజమే. నా తరగతి పిల్లలకి నేను రోజూ చెప్పే పాఠం అదే. అయినా ఒప్పుకోవడానికి నా అహం అడ్డొచ్చింది. అయితే పలుకు అన్నాను. పలకలేనంది. అప్పుడు అనేశాను, ఆయుష్షు తగ్గడానికి ఆయనే లేడు కదమ్మా, ఇంకేం తగ్గుతుంది అని.  అమ్మ వెళ్ళి తన గదిలో పడుకుంది. మా మరదలు నాకు కాఫీ తెచ్చిచ్చి, మీ నోరు మంచిది కాదు వదినా అని మెత్తగా చెప్పి వెళ్ళింది.

ఉమామహేశ్‌తో చెబితే వాడికి వేరే భయం పట్టుకుంది. అసలు పేరు బయటికొస్తే ఇంటి కాగితాలు ఏమవుతాయి, ఆ వెంకటప్పయ్యా ఈయనా ఒకరేనని ఏ ఆఫీసు చుట్టూ తిరిగి రుజువు చెయ్యాలి అన్నాడు. "కాగితం మీద ఏదుంటే అదే పేరక్కా. నాన్నే ఊరుకున్నాడు, నీకెందుకు?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు, అందుకే ఇంకా కోపమొచ్చింది. నా చెట్టు ఎవరినీ ఆధార్ కార్డు అడగదు అని చెప్పి వచ్చేశాను.

కానీ చిక్కు నాదే. మా శాస్త్రంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక మొక్కకి మొదట సరిగ్గా అచ్చయిన పేరే చెల్లుతుంది. ఒకసారి అచ్చయ్యాక, ఆ పేరు దానికి నప్పలేదనో, పెట్టినవాళ్ళు పొరబడ్డారనో మార్చడానికి వీల్లేదు. చైనాలో అసలు పెరగని మొక్కకి చైనా పేరు పెట్టినా అది అలాగే ఉండిపోతుంది. వెంకటప్పయ్య పేరు నేనే పెడితే, రేషన్ కార్డు రాసినవాడి తొందరని ప్రపంచం ఉన్నంతకాలం నేను స్థిరం చేసినట్టే. నాన్న పేరు కాక ఇంకేదైనా పెడదామా అంటే మనసొప్పదు. పెడనలో ఎవరైనా మిగిలారేమోనని ఫోన్లు చేశాను. మేనమామ కొడుకులూ కూతుళ్ళూ అందరూ పోయారు. మనవడొకడు దొరికాడు. చిన్న తాతయ్యా, ఆయన్ని చిన్న తాతయ్యే అనేవాళ్ళం అన్నాడు.

బాలశౌరి ఫోన్ చేసి ప్రూఫు ఏమైందని అడిగాడు. పేరు దగ్గర ఆగిందన్నాను. నాన్నగారి పేరేగా మేడం, ఇందులో ఆగడానికి ఏముంది అన్నాడు. అతనికి ఏమని చెప్పను? ఒక్క రోజు ఆగమన్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మే ఫోన్ చేసింది. నాతో మాట్లాడదేమో అనుకున్నాను. మీ కాలేజీలో ఆ చెట్టు ఉందటగా, చూడొచ్చా అంది. చెట్టు లేదమ్మా, కొమ్మ ఎండబెట్టి అట్ట మీద కుట్టి పెట్టాం అన్నాను. అదే చూస్తాను, వచ్చి తీసుకెళ్ళు అంది.

ఎండు మొక్కల నమూనాలు దాచే మా హెర్బేరియం అంటే పెద్ద గది కాదు. ల్యాబు వెనక చిన్న గది, ఇనప బీరువాలు, కలరా ఉండల వాసన. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, షీటు తెచ్చి బల్ల మీద పరిచాను. అసలైన షీటు కోల్‌కతా పంపేశాం, ఇది అదే చెట్టు, అదే కొమ్మ నుంచి తీసిన జంట అని చెప్పాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తాకొచ్చా అంది. నేను పిల్లల్ని తాకనివ్వను. తాకమన్నాను. ఆకు అడుగున ఎర్రటి నూగు మీద వేలి కొసతో రాసి, పట్టు పోగులా ఉందే అంది. కాయకి ఉన్న చిప్ప చూసి, చుట్టూ ఎంత వరసగా అల్లుకుందో అంది. నేతగాడి పెళ్ళాం కదా, ముందు అల్లికే కనిపించింది.

"నువ్వు పెట్టే పేరు లోకంలో ఆ చెట్లన్నిటికీనా?" అని అడిగింది.

అన్నిటికీ అన్నాను. కానీ పేరుని ఒక్క కొమ్మకే కట్టేస్తాం, రేపు ఎవరికైనా అనుమానమొస్తే, ఈ పేరు ఎవరిదంటే, ఇదిగో ఈ కొమ్మది అని చూపించడానికి. మొదట పెట్టిన పేరే చెల్లుతుందనీ, అచ్చయ్యాక ఇంక ఎవరూ మార్చలేరనీ కూడా చెప్పాను. అమ్మ శ్రద్ధగా వింది. నా తరగతిలో ఒక్కరు కూడా ఎప్పుడూ అలా వినలేదు.

"అయితే మీ లెక్కలో కూడా పురిట్లో పెట్టిందే పేరు. రేషన్ కార్డుది కాదు" అంది.

కాదమ్మా అన్నాను. మొన్న అన్న మాట తప్పు, మన్నించు అని కూడా అన్నాను. అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. షీటు మీద నుంచి చూపు తియ్యకుండా, ఒక్కసారే చెప్పాను ఆ పేరు, పెళ్ళినాడు అంది. పెడనలో మేనమామ ఇంటి గుమ్మం దగ్గర వరసకి ఆడపడుచులు చేతులు అడ్డం పెట్టి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వం అన్నారట. కళ్ళు మూసుకుని చెప్పేసిందట. పక్కన ఆయన నవ్వాడట. "మళ్ళీ ఎప్పుడంటావ్ అని అడిగారు. ఇంకెప్పుడూ అనను, మీరు నూరేళ్ళు ఉండాలి అన్నాను. ఆయన నూరేళ్ళు లేరు. నేను మాత్రం మాట మీదే ఉన్నాను" అంది.

 మాట్లాడకుండా ఉండడం నాకు చేతకాదు, అయినా ఉన్నాను.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నా వైపు తిరగలేదు. ఆ ఎండు కొమ్మ మీదికి వంగి, గుమ్మంలో నిలబడ్డ కొత్త పెళ్ళికూతురిలా కళ్ళు మూసుకుంది.

"పానకాలు" అంది.

మంగళగిరి కొండ. పానకాల స్వామి. ఈ కాలేజీ మేడెక్కితే కృష్ణ అవతల కనిపించేంత దగ్గర. మా నాయనమ్మకి బిడ్డలు దక్కకపోతే ఆ స్వామికి మొక్కుకుందట. అందుకని పెట్టిన పేరు. ఆ రోజు వంటింట్లో అమ్మ నా నోరు మూయకపోతే తర్వాత నేను అనబోయింది ఆ కొండే. అనుంటే ఆమె తలూపేదో లేదో తెలియదు. ఊపినా, అది నేను ఊహించిన పేరు అయ్యేది. ఇప్పుడు ఆమె ఇచ్చిన పేరు.

మళ్ళీ చెప్పమ్మా, సరిగ్గా రాసుకోవాలి అన్నాను. నాకు మొదటిసారే స్పష్టంగా వినిపించింది. ఊరికే ఇంకోసారి వినాలనిపించి అడిగాను. అమ్మకి తెలిసిపోయింది. ఒకసారి చాల్లే అంది. తమ్ముడికి నువ్వే చెప్పు, తద్దినం దగ్గరికొచ్చింది అని గుర్తుచేసింది.

ఆ మధ్యాహ్నమే ప్రూఫులో పాత పేరు కొట్టేసి, పానకాలుకి లాటిన్ తోక తగిలించి పంపేశాను. బాలశౌరి ఏమీ అడగలేదు. ఈ పేరు మా ఊరి వైపు పేరు మేడం, బాగుంది అన్నాడంతే. ఉమామహేశ్‌కి ఫోన్లో చెప్పాను. ఇన్నేళ్ళూ నేను పిండం ఎవరికి పెట్టానక్కా అన్నాడు. ఇంటి కాగితాల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఈసారి తద్దినం ఇంట్లో కాకుండా కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో పెట్టుకున్నాం. ఉమామహేశ్ పంచె కట్టుకుని, వేలికి దర్భ ఉంగరం పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ అమ్మా మరదలూ వెనక మెట్ల మీద ఉన్నాం. పక్కన ఇంకా రెండు మూడు కుటుంబాలవాళ్ళు ఎవరి పిండాలు వాళ్ళు పెట్టుకుంటున్నారు. దారంతా వాడికి పేరు గుర్తుచేస్తూనే వచ్చాను. వాడూ నోట్లో అనుకుంటూనే ఉన్నాడు. కానీ ఏళ్ళ తరబడి అలవాటైన నాలుక. పంతులుగారు గోత్రం చెప్పించి, నాన్నగారి పేరు అనగానే, వాడి నోట్లోంచి వెంకటప్పయ్య అని వచ్చేసింది. పంతులుగారు అందుకుని మంత్రంలో కలిపేస్తున్నారు. నేను లేవబోయాను.

నాకంటే ముందు అమ్మ లేచింది. తలుపు చాటు లేదు అక్కడ, గడపా లేదు. రెండు మెట్లు దిగింది. ఇటువాళ్ళూ అటువాళ్ళూ తలలు తిప్పి చూశారు.

"ఆగండి పంతులుగారూ. వెంకటప్పయ్య కాదు. మా ఆయన పేరు పానకాలు" అంది.

ఘాట్‌లో అందరికీ వినపడేటట్టు అంది. ఉమామహేశ్ తల వంచుకున్నాడు, వాడి భుజాలు కదులుతున్నాయి. అమ్మ అక్కడే నిలబడింది. పంతులుగారు ఆమె వంక ఒకసారి చూసి, ఏమీ అడగకుండా, సంకల్పం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.